ఇంగ్లండ్‌లో ఇల్లు అద్దెకిస్తే ఏటా గ్యాస్ సేఫ్టీ చెక్ తప్పదా? బాయిలర్‌కి సర్వీస్ చేయిస్తున్నా కూడానా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. రెడింగ్‌లో మూడు బెడ్‌రూముల ఇల్లు, అమ్మానాన్నల కోసం ఆగస్టులో రెండేళ్ళకని హైదరాబాద్ వెళ్ళిపోతున్నారు, ఇల్లు మీ ఆఫీసులో పనిచేసే తెలుగు కుటుంబానికే అద్దెకిస్తున్నారు. బాయిలర్ పెట్టి మూడేళ్ళే అయింది, పదేళ్ళ వారంటీ ఉంది, ఏటా సర్వీస్ కూడా అవుతోంది. హాల్లో గది వెచ్చబెట్టుకునే పాత గ్యాస్ ఫైర్ ఒకటుంది కానీ మీరు దాన్ని ఎప్పుడూ వెలిగించలేదు. ఇన్ని ఉండగా మళ్ళీ గ్యాస్ సేఫ్టీ చెక్ దేనికి, తప్పదంటే ఆ అద్దెకుండే ఆయన్నే చేయించుకుని ఖర్చు అద్దెలో తగ్గించుకోమనొచ్చా, అని.

సూటిగా చెప్తాను. తప్పదండి. వాళ్ళు ఇంట్లో దిగే ముందే చేయించాలి, ఆ తర్వాత 12 నెలలు దాటకుండా ప్రతిసారీ చేయించాలి, ఆ బాధ్యత ఓనర్‌గా మీది. అద్దెకున్నాయన మీద పెట్టడానికి లేదు. మీరిద్దరూ రాసుకుని సంతకాలు పెట్టుకున్నా చట్టం దృష్టిలో బాధ్యత మీ దగ్గరే ఉంటుంది. గ్యాస్ ఫైర్ ఎప్పుడూ వెలిగించలేదు అన్న మాట కూడా పనికిరాదు, దాని సంగతి కింద చెప్తాను, ఎందుకంటే నాకు మీ ప్రశ్న మొత్తంలో కంగారు పుట్టించింది అదే.

నేను ఏలూరు నుంచి చదువుకోడానికని వచ్చి, చదివిన చదువుకీ చేస్తున్న పనికీ సంబంధం లేకుండా గ్యాస్ ఇంజినీర్ అయినవాణ్ణి. పదహారేళ్ళుగా ఇదే పని. ఏడాదిలో నేను రాసే రికార్డుల్లో సగానికి పైగా అద్దె ఇళ్ళవే, వాటిలో మనవాళ్ళ ఇళ్ళు చాలానే ఉంటాయి. కాబట్టి మీరు అడిగిన ప్రశ్న నాకు వారానికి ఒకసారైనా ఫోన్లో వినపడుతూనే ఉంటుంది, ముఖ్యంగా "బాయిలర్ కొత్తదే కదా అన్నా" అన్న మాట.

చట్టం పేరు గ్యాస్ సేఫ్టీ (ఇన్‌స్టలేషన్ అండ్ యూజ్) రెగ్యులేషన్స్ 1998. అందులో 36వ నిబంధన ఓనర్లది. ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లాండ్ మూడింటికీ ఇదే. మీరిచ్చిన ప్రతి గ్యాస్ పరికరాన్నీ, దాని ఫ్లూని, అంటే కాలిన వాయువులు బయటికి పోయే గొట్టాన్ని, గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో, అంటే గ్యాస్ పని చేయడానికి అనుమతి ఉన్నవాళ్ళ జాబితాలో ఉన్న ఇంజినీర్ చేత ఏటా చూపించాలి. చూసినట్టు రికార్డ్ రాయించుకోవాలి. కొత్తగా దిగేవాళ్ళకి దిగకముందే కాపీ ఇవ్వాలి, అప్పటికే ఉన్నవాళ్ళకైతే చెక్ అయిన 28 రోజుల్లోపు ఇవ్వాలి. మీరు రెండేళ్ళైనా దాన్ని దాచుకోవాలి. ఈ రికార్డునే అందరూ సీపీ12 అంటారు. అది ఇంతకుముందు ఆ జాబితా నడిపిన కోర్గీ రోజుల పేరు. 2009 ఏప్రిల్‌లో కోర్గీ పోయి గ్యాస్ సేఫ్ రిజిస్టర్ వచ్చింది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఎవరైనా "సీపీ12 ఉందా" అంటే అడిగేది ఇదే, కంగారు పడకండి.

ఇక్కడో మాట, మీకు కాదు, చదివే మిగతావాళ్ళకి. ఇల్లు మొత్తం అద్దెకిస్తేనే ఇది అనుకోకండి. మీరు అదే ఇంట్లో ఉంటూ పై గది ఒకటి మాస్టర్స్‌కి వచ్చిన కుర్రాడికి ఇచ్చి నెలకింతని తీసుకుంటున్నా ఇది మీకూ వర్తిస్తుంది. "వాడు మా బాబాయి కొడుకు ఫ్రెండు, అద్దె కాదు, ఏదో ఖర్చులకి ఇస్తాడు" అని ఒకాయన నాతో గంటసేపు వాదించాడు. గది ఇచ్చారు, డబ్బు తీసుకున్నారు, అంతే.

సర్వీస్ వేరు, చెక్ వేరు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. సర్వీస్ అంటే బాయిలర్ విప్పి, బర్నర్ చూసి, కండెన్సేట్ నీళ్ళు దిగే ట్రాప్ కడిగి, సీళ్ళు చూసి, కంపెనీ పుస్తకంలో చెప్పినట్టు చేసి మళ్ళీ మూయడం. అది బాయిలర్ ఆరోగ్యం కోసం, వారంటీ కోసం. దాని వెనకాల సర్వీస్ పుస్తకంలో ఒక గీత పడుతుంది. చెక్‌లో ఇంట్లో గ్యాస్‌తో నడిచే ప్రతిదాన్నీ చూస్తాం. ఫ్లూ సరిగ్గా లాగుతోందా, మంటకి కావలసిన గాలి అందుతోందా, గ్యాస్ ఒత్తిడి ఎంత, మంట ఆరిపోతే గ్యాస్ దానంతటదే ఆగుతోందా. మీ సర్వీస్‌కి వచ్చినతను వంటింట్లో పొయ్యి వైపు కన్నెత్తి కూడా చూసి ఉండడు, ఎందుకంటే అది అతని ఆర్డర్‌లో లేదు. హాల్లోకి అసలు వచ్చి ఉండడు. అతని తప్పేం లేదు.

రెండూ ఒకే రోజు ఒకే మనిషి చేత చేయించుకోవచ్చు, చాలామంది అలాగే చేస్తారు, ఖర్చు కూడా కలిసొస్తుంది. మా వైపు ఒక బాయిలర్, ఒక పొయ్యి ఉన్న ఇంటికి ఉత్త చెక్ అయితే 70, 80 పౌండ్లలో అయిపోతుంది, సర్వీస్‌తో కలిపితే ఇంకొంచెం. 30 పౌండ్లకి చేస్తామనేవాళ్ళ గురించి నేనేమీ అనను గానీ, వాళ్ళు ఇంట్లో ఎంతసేపు ఉన్నారో ఒకసారి గడియారం చూసుకోండి.

సరే, మేం వచ్చి ఏం చేస్తామో చెప్తాను, కాగితం మీద టిక్కులు పెట్టి పోవడమే అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి. నేను ముందు మీటర్ దగ్గరికే వెళ్తాను. వాల్వ్ కట్టేసి, గేజ్ తగిలించి, పైపులో ఒత్తిడి సుమారు 20 మిల్లీబార్లకి తెచ్చి, కాసేపు నిలకడ పడనిచ్చి, తర్వాత రెండు నిమిషాలు ఆ గేజ్‌నే చూస్తూ నిలబడతాను. సూది దిగిందంటే ఎక్కడో కారుతోంది. ఏటా చేసే చెక్ చట్టప్రకారం పరికరాలకీ ఫ్లూకే గానీ, పైపులు బాగా ఉంచాల్సిన బాధ్యత కూడా ఓనర్‌దే, అందుకని ఈ టెస్ట్ కూడా చేయమని ఇంజినీర్‌ని మీరే అడగండి, మంచివాడైతే అడక్కుండానే చేస్తాడు. తర్వాత బాయిలర్ ఫ్లూలోకి అనలైజర్ గొట్టం పెట్టి కార్బన్ మోనాక్సైడ్‌కీ కార్బన్ డయాక్సైడ్‌కీ నిష్పత్తి చూస్తాం. మామూలుగా 0.004 లోపు ఉండాలి. తర్వాత బయటికి వెళ్ళి గోడలోంచి ఫ్లూ ఎక్కడ బయటికొచ్చిందో చూస్తాం. ఇది చాలా ముఖ్యం. ఒక ఇంట్లో బాయిలర్ బంగారంలా ఉంది, అంకెలన్నీ చక్కగా ఉన్నాయి, బయటికెళ్ళి చూస్తే పక్కింటాయన ఎక్స్‌టెన్షన్ కట్టుకున్నాడు, ఆ కొత్త గోడ మా ఫ్లూకి జానెడు దూరంలో ఉంది. ఓనర్ దుబాయ్‌లో ఉంటాడు, ఆయనకి ఆ గోడ లేచిన సంగతే తెలియదు. బాయిలర్ కొత్తదైనా ఏటా ఎందుకు అంటే ఇందుకే. బాయిలర్ మారకపోయినా చుట్టూ ఇల్లు మారుతూ ఉంటుంది, మనుషులు మారుతూ ఉంటారు.

మనవాళ్ళ వంటిళ్ళలో నేను మళ్ళీ మళ్ళీ చూసేవి రెండున్నాయి. ఒకటి, నూనె చింది మరకలు పడకుండా పొయ్యి అంతా అల్యూమినియం ఫాయిల్ పరిచేస్తారు, అది బర్నర్ కింద గాలి పోయే సందుల్ని కూడా మూసేస్తుంది. మంట నీలంగా నిలబడాల్సింది పసుపుగా, సోమరిగా ఊగుతూ ఉంటుంది, గిన్నెల అడుగులు నల్లబడతాయి. "ఈ మధ్య గిన్నెలు తోమలేకపోతున్నామండి" అని ఒకావిడ నాకు టీ ఇస్తూ చెప్పారు, ఆ ఒక్క మాటతోనే నాకు సగం పని అయిపోయింది. రెండోది ఒక్కసారే చూశాను గానీ మర్చిపోలేను. అద్దెకున్నవాళ్ళు ఇండియా నుంచి తెచ్చుకున్న మూడు బర్నర్ల స్టీల్ పొయ్యిని ఎవరో తెలిసినాయన చేత ఇక్కడి గ్యాస్ లైన్‌కి పెట్టించుకున్నారు. అది సిలిండర్ గ్యాస్‌కి చేసిన పొయ్యి, ఇక్కడ పైపులో వచ్చేది సహజవాయువు, జెట్ సైజే వేరు. మంట చిన్నగా వస్తోందని జెట్ కన్నాలు సూదితో పెద్దవి చేశారు, రబ్బరు ట్యూబ్ క్లిప్ లేకుండా ఊరికే తొడిగేశారు. నేను అక్కడికక్కడే లైన్ విప్పి, చివర మూసేసి, "ప్రమాదకరం, వాడొద్దు" అని ట్యాగ్ కట్టి వచ్చాను. ఆ వంటింట్లో ఇద్దరు చిన్నపిల్లలు కింద కూర్చుని బొమ్మలతో ఆడుకుంటున్నారు. ఓనర్‌కి ఫోన్ చేస్తే "నేను పెట్టింది కాదు కదా" అన్నాడు. అద్దెకున్నవాళ్ళు సొంతంగా తెచ్చుకున్న పొయ్యి చెక్ చేయించడం ఓనర్ బాధ్యత కాదు, నిజమే. కానీ పొయ్యి దాకా వెళ్ళే పైపు ఓనర్‌దే.

ఇప్పుడు మీ గ్యాస్ ఫైర్. ఎప్పుడూ వెలిగించలేదు అన్నారు. మీరు వెలిగించలేదు సరే, డిసెంబర్‌లో చలికి వణుకుతూ హాల్లో కూర్చున్న కొత్తవాళ్ళు వెలిగించరని ఏముంది? నాబ్ తిప్పితే వెలుగుతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. దాని వెనక చిమ్నీ ఉంటుంది, ఏళ్ళ తరబడి వాడని చిమ్నీలో పక్షులు గూళ్ళు పెడతాయి, పైనుంచి ఇటుక ముక్కలు రాలతాయి. నేను ఇలాంటివి చూసేటప్పుడు కిటికీలు, తలుపులు అన్నీ మూసి, ఫైర్‌ని కాసేపు మండనిచ్చి, పైఅంచు దగ్గర పొగ వచ్చే అగ్గిపుల్ల పట్టుకుంటాను. ఆ పొగ సన్నటి దారంలా లోపలికి లాక్కుపోవాలి. ఒక ఇంట్లో అది లోపలికి పోకుండా మెల్లగా నా ముఖం వైపు తిరిగింది. అదే దారిలో రోజూ కార్బన్ మోనాక్సైడ్ ఆ గదిలోకి వస్తోందన్నమాట. అక్కడుండే పెద్దావిడ "సాయంత్రం టీవీ చూస్తుంటే తలనొప్పి బాబూ, కళ్ళజోడు మార్పించాలి" అంటున్నారు. చిమ్నీ కింద అట్ట ముక్క పెట్టి చూస్తే పుల్లలు, ఈకలు దోసెడు రాలాయి. చలిగాలి వస్తోందని గోడకున్న గాలి కన్నంలో పాత టవల్ కూడా కుక్కారు.

కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు. మనకి గ్యాస్ అనగానే వాసన గుర్తొస్తుంది, కానీ ఆ వాసన లీకైతే తెలియడానికి కలిపింది, కాలిన తర్వాత వచ్చే దానికి అది ఉండదు. మన దగ్గర బాత్‌రూముల్లో గ్యాస్ గీజర్ పెట్టుకుని, తలుపులన్నీ బిగించుకుని స్నానానికి వెళ్ళి ఊపిరాడక పోయినవాళ్ళ వార్తలు చదివే ఉంటారు, ఇక్కడా అదే సంగతి. తలనొప్పి, తల తిరగడం, వికారం, జ్వరం మాత్రం ఉండదు, బయటికెళ్తే తగ్గుతుంది, ఇంటికొస్తే మళ్ళీ మొదలు. ఇలా ఉంటే ఎవరైనా సరే ఆలోచించకుండా బాయిలర్, పొయ్యి ఆపేసి, కిటికీలు తెరిచి, బయటికొచ్చి 0800 111 999కి ఫోన్ చేయాలి. గ్యాస్ ఎమర్జెన్సీ నంబర్ అది, రోజంతా పనిచేస్తుంది, ఫ్రీ. మీ వాళ్ళకి ఆ నంబర్ ఫ్రిజ్ మీద రాసి అంటించి వెళ్ళండి.

కాబట్టి గ్యాస్ ఫైర్‌కి రెండే దారులు. ఏటా బాయిలర్‌తో పాటు దాన్నీ చెక్ చేయించడం, లేదా గ్యాస్ సేఫ్ ఇంజినీర్ చేత పూర్తిగా తీయించి పైపు చివర మూయించేయడం. నాకైతే రెండోదే ఇష్టం. ఎవరూ వాడని దానికి ఏటా డబ్బు పెట్టడం దేనికి, పైగా చెక్ తప్పిపోతే అదో టెన్షన్. నాబ్ మీద టేప్ అంటించి "వాడొద్దు" అని రాయడం మాత్రం మూడో దారి కాదు.

అలారం సంగతి కూడా. ఇంగ్లండ్‌లో 2022 అక్టోబర్ 1 నుంచి అద్దె ఇళ్ళలో గ్యాస్ బాయిలర్ లాంటి మంటతో నడిచే స్థిరమైన పరికరం ఉన్న, మనుషులుండే ప్రతి గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. వంట పొయ్యికి మినహాయింపు ఉంది. అద్దె మొదలయ్యే రోజున అది మోగుతోందో లేదో చూడాల్సింది కూడా మీరే. మీరు చేసే చివరి పనుల్లో అదొకటి పెట్టుకోండి, బటన్ నొక్కి, మోగుతుంటే ఫోన్లో వీడియో తీసుకోండి. నేనైతే చట్టం అడక్కపోయినా వంటింటికి దగ్గర్లో ఇంకోటి పెట్టుకోమంటాను, మనం పోపులు, వేపుళ్ళు గంటలు గంటలు చేసేవాళ్ళం.

హైదరాబాద్‌లో కూర్చుని ఇదంతా ఎలా నడపాలి అన్నది మీ అసలు సమస్య. ఏజెంట్‌కి ఇస్తున్నట్టయితే, గ్యాస్ చెక్ ఎవరు బుక్ చేస్తారు, ఎవరు రికార్డ్ ఇస్తారు అన్నది కాంట్రాక్ట్‌లో స్పష్టంగా రాసి ఉండాలి. "మేం అన్నీ చూసుకుంటాం సర్" అన్న మాట చాలదు, రాత లేకపోతే బాధ్యత తిరిగి మీ మీదకే వస్తుంది. నాకు తెలిసిన ఒకాయన ఏజెంట్ చూస్తున్నాడనుకున్నాడు, ఏజెంట్‌ది అద్దె వసూలు మాత్రమే ఉన్న ప్యాకేజీ. మూడేళ్ళు ఎవరూ చూడలేదు. ఇల్లు అమ్మే సమయానికి బయటపడింది కాబట్టి సరిపోయింది. అదే ఏదైనా జరిగాక హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ వాళ్ళు, అంటే ఈ చట్టాన్ని అమలుచేసే ప్రభుత్వ సంస్థ వాళ్ళు అడిగితే కథ వేరు. అది క్రిమినల్ కేసు, జరిమానాకి పై పరిమితి లేదు, జైలు కూడా పడొచ్చు. ఇన్సూరెన్స్ వాళ్ళు కూడా మొదట అడిగే కాగితం ఇదే.

ఏజెంట్ లేకపోతే మీరే వాట్సాప్‌లో బుక్ చేయొచ్చు, నా కస్టమర్లలో ఇండియాలో, అమెరికాలో ఉన్నవాళ్ళు అలాగే చేస్తారు. మీ అద్దెకుండే ఆయన తలుపు తీస్తే చాలు, డబ్బు మీరు పంపాలి, రికార్డ్ పీడీఎఫ్ మీకూ ఆయనకీ వస్తుంది, మెయిల్‌లో ఇవ్వడం చెల్లుతుంది. వచ్చే ఇంజినీర్ కార్డ్ చూడమని చెప్పండి. ఫోటో ఉంటుంది, ఏడంకెల లైసెన్స్ నంబర్ ఉంటుంది, గడువు తేదీ ఉంటుంది. కార్డ్ వెనకవైపు చూడటం మర్చిపోతారు అందరూ, అతను ఏయే పరికరాలు ముట్టుకోవచ్చో అక్కడ రాసి ఉంటుంది. బాయిలర్‌కి అర్హత ఉన్నవాడికి గ్యాస్ ఫైర్‌కి ఉండకపోవచ్చు.

తేదీల గురించి మీలాంటివాళ్ళకి పనికొచ్చే ఒక వెసులుబాటుంది. 2018 ఏప్రిల్ నుంచి, గడువుకి ముందు రెండు నెలల్లో ఎప్పుడు చేయించినా పాత తేదీ అలాగే నిలుస్తుంది. అంటే మీరు జూన్ 20న చేయించారనుకోండి, వచ్చే ఏడు ఏప్రిల్ 20కీ జూన్ 20కీ మధ్య ఎప్పుడు చేయించినా ఆ పై ఏడాది గడువు మళ్ళీ జూన్ 20నే. ఇక్కడ కార్లకి ఏటా చేయించే ఎంఓటీ పరీక్ష లాగా. ఏప్రిల్ 20 కంటే ముందు చేయిస్తే మాత్రం ఆ రోజు నుంచే కొత్త లెక్క. ఈ వెసులుబాటు వాడుకునేవాళ్ళు రెండేళ్ళ లెక్క కాకుండా, ఆ తర్వాత ఇంకో రెండు చెక్‌లు అయ్యేదాకా రికార్డ్ దాచుకోవాలి. నేను అందర్నీ రెండు నెలల ముందే బుక్ చేసుకోమనడానికి కారణం వేరే ఉంది. మనవాళ్ళు జులై ఆగస్టుల్లో పిల్లల సెలవులకి ఇండియా వెళ్ళిపోతారు, ఇల్లు తాళం, గడువు దాటిపోతుంది.

వాళ్ళు తలుపు తీయకపోతే ఏం చేయాలి అని కూడా చాలామంది అడుగుతారు. తెలిసినవాళ్ళే కాబట్టి మీకు రాకపోవచ్చు, అయినా మొహమాటానికి పోకుండా అన్నీ రాతలో పెట్టండి. ఎందుకు చేయించాలో చెప్తూ ఒక మెసేజ్, తేదీ ఇస్తూ ఒక మెయిల్, రాకపోతే ఇంకోసారి, ఇంకోసారి, ఇంజినీర్ వచ్చి వెనక్కి వెళ్తే అతని చేత ఒక చీటీ. కనీసం మూడుసార్లు ప్రయత్నించినట్టు మీ దగ్గర ఆధారం ఉండాలి, చేయగలిగిందంతా చేశారని చూపించుకోగలగాలి. మీ దగ్గర డూప్లికేట్ తాళం ఉంది కదా అని వాళ్ళు ఒప్పుకోకుండా లోపలికి ఎవర్నీ పంపకండి.

చివరగా చిన్న సంగతే, కానీ నా పెట్రోలు ఎన్నిసార్లు వృథా అయిందో చెప్పలేను. మీ ఇంట్లో ప్రీపేమెంట్ గ్యాస్ మీటర్ ఉంటే, ఇంజినీర్ వచ్చే రోజుకి అందులో డబ్బుందో లేదో చూసుకోమని మీ వాళ్ళకి ముందు రోజే మెసేజ్ పెట్టండి. గ్యాస్ లేకపోతే ఏ పరికరమూ వెలగదు, ఏ టెస్టూ కాదు, చెక్ అయినట్టు కాగితమూ రాయం, విజిట్ చార్జీ మాత్రం పడుతుంది.